గోడకట్టు

మా నాన్న ఆ వానాకాలంలో నూట పన్నెండుసార్లు చనిపోయాడు. లెక్క మా మరిది కంప్యూటర్‌లో ఉంది, తేదీ సమయాలతో సహా. చంపినవాళ్లలో మా అమ్మది మొదటి స్థానం.

ఆట పేరు 'మిగిలిన అంతస్తులు'. మా చెల్లి, మరిది కలిసి మూడేళ్లుగా దాన్ని తయారు చేస్తున్నారు. ఎడతెగని వానలకి ఊరు మునిగింది. నీళ్లు ఆరో అంతస్తు దాకా వచ్చి ఆగాయి. ఆ పైన ఉన్నవాళ్లు బతికారు. కూలుతున్న భవనాల మీద, ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతూ, వేలాడుతూ, జారుతూ వాళ్లు వెళ్లాలి. తెర మీద ఎడమ నుంచి కుడికి ప్రయాణం, కింద నీళ్లు. పడితే పోయినట్టే. మళ్లీ మొదట్నుంచి.

ఆటలో ముగ్గురు మనుషులు. ఉత్తరాలు పంచే ఆమె అందరికంటే దూరం దూకుతుంది. నర్సు ఒక మనిషిని వీపున వేసుకుని కూడా గోడ ఎక్కగలదు. మూడోవాడు పరంజా మేస్త్రీ. భవనానికీ భవనానికీ మధ్య గొట్టాలు, బల్లలు కట్టి దారి వేసేది అతనే. అతను లేకపోతే మిగతా ఇద్దరూ రెండో లెవెల్ దాటరు.

పరంజా మేస్త్రీ అంటే మా నాన్న. కొత్త భవనాల చుట్టూ ముప్పై ఆరేళ్లు పరంజాలు కట్టాడు. చెల్లి అతన్ని ఉన్నవాణ్ణి ఉన్నట్టు గీసింది. కుడివైపు ఒరిగే నడక, చెవి వెనక పెన్సిలు, నడుముకి తాడు చుట్ట. మొహం మాత్రం గీయలేదు. మొహం ఉండాల్సిన చోట బూడిద రంగు గుండ్రం ఉండేది.

"నాన్న సరే అంటేనే మొహం," అంది చెల్లి.

నాన్న సరే అనలేదు. వానాకాలం చివర, పదమూడో వారంలో, ఆటలు అమ్మే సంస్థ నుంచి ఒకామె వచ్చి చూస్తానంది. ఆమెకి నచ్చితే ఆట జనంలోకి వెళ్తుంది. నచ్చకపోతే మూడేళ్ల పని అటకెక్కుతుంది, చెల్లీ మరిదీ ఉద్యోగాలు వెతుక్కుంటారు. మొహం లేని మేస్త్రీని చూపించి ఎవరిని మెప్పిస్తాం?

నేను ఇందులోకి వచ్చింది మాటలు రాయడానికి. ఎండాకాలంలో మా పత్రికవాళ్లు నేను పనిచేసే ఎడిషన్ మూసేశారు. పంతొమ్మిదేళ్లు ప్రమాదాలు, దొంగతనాలు, కోర్టులు రాసినదాన్ని మూడు వారాలు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. అమ్మానాన్నలు చెల్లి దగ్గరే ఉంటారు. నేనుండేది అక్కడికి రెండు వీధుల అవతల. చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, ఖాళీయేనా?"

"నీకు తెలీదూ?"

"అయితే రా. నేను బొమ్మలు గీస్తాను, ఈయన నడిపిస్తాడు. మాటలు రాసే దిక్కు లేదు. ఈయన రాస్తే కరెంటు బిల్లు చదువుతున్నట్టుంది."

వెనక నుంచి మరిది గొంతు వినిపించింది. "కరెంటు బిల్లులో అక్షరం తప్పుండదు వదినా. అది గుర్తుపెట్టుకోండి."

వాళ్ల పని మేడమీద గదిలో. రెండు బల్లలు, మూడు తెరలు, ఒక కిటికీ. వానలకి బట్టలు ఆరక గదికి అడ్డంగా తాడు కట్టి అక్కడే వేసేవాళ్లు. ఎవరు కూర్చోవాలన్నా తడి చొక్కాల కింద నుంచి వంగి వెళ్లాలి. మా ఆటలో మొదటి లెవెల్ అదేనని మరిది వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

నాకిచ్చిన మొదటి పని, ఆడేవాడు పడిపోయినప్పుడు తెర మీద రావాల్సిన మాట. అన్ని ఆటల్లోనూ 'ఆట ముగిసింది' అని వస్తుందట. నేను సింగిల్ కాలమ్ వార్త రాశాను.

'ఏడో అంతస్తు నుంచి జారిపడి ఉత్తరాల ఉద్యోగిని మృతి. సంచిలో పదకొండు ఉత్తరాలు. చిరునామాదారులు ఎదురుచూస్తున్నారు.'

మరిది చదివి కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. కావాలని ఇంకో రెండుసార్లు పడ్డాడు. "పడ్డా బాధ లేదు వదినా. పడితే పేపర్లో వస్తాం."

వారంలో నలభై రాశాను. చెయ్యి తిరిగిన పని. ఎవరు, ఎక్కడ, ఎలా, కారణం. నాలుగు సంగతులు, రెండు మూడు వాక్యాలు. పరంజా కూలి మేస్త్రీ పడే చోట 'నిర్లక్ష్యమే కారణం' అని రాశాను. ఆలోచించి రాసింది కాదు, వేళ్లకి అలవాటైన మాట. ఉద్యోగంలో ఆ మాట ఎన్నిసార్లు రాశానో నాకే తెలీదు. ఒక్కసారి రాసింది మాత్రం గుర్తుంది.

చెల్లి నాన్నని మొదటిసారి అడిగింది భోజనాల బల్ల దగ్గర. అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. నాన్న గొడుగు విరిగిన పుల్లకి తీగ చుడుతున్నాడు.

"నా మొహం దేనికమ్మా? యాక్టర్లు లేరా?" అన్నాడు.

"నడక నీదే పెట్టేశాను నాన్నా."

"నడక ఎవడిదైనా నడకే. మొహం వద్దు. పరంజా మేస్త్రీ అని చెప్పి నన్ను నలుగురికీ చూపించొద్దు."

అమ్మ చేతిలో బఠాణీ కాయ ఆగింది. నాన్న నా వైపు చూడలేదు. చూడకపోవడంలో నాన్నకి పదకొండేళ్ల అనుభవం.

పదకొండేళ్ల క్రితం నాన్న కట్టిన పరంజా ఒకటి సగం కూలింది. దాని మీద గోడకి సిమెంటు పూత వేస్తున్న మేస్త్రీ పడి చనిపోయాడు. అతను నాన్నకి స్నేహితుడు. అతను పూసిన గోడలో మొహం చూసుకోవచ్చని పనివాళ్లు అతన్ని అద్దం అనేవాళ్లు. మేం అద్దం బాబాయ్ అనేవాళ్లం. ఆ రోజు ప్రమాదాల డ్యూటీ నాది. సొంత మనుషుల వార్త వేరేవాళ్లకి ఇవ్వాలి, అది రూలు. నాన్న కాబట్టి తప్పుకుంది అని ఎవరూ అనకూడదని నేనే వెళ్లాను. ఆసుపత్రి గేటు దగ్గర నాన్నని పట్టుకున్నాను.

"ఇంజనీరు మేస్త్రీ నిర్లక్ష్యం అంటున్నాడు. నువ్వేమంటావు?"

నాన్న నన్ను దాటి ఎటో చూశాడు. "రాసుకో," అన్నాడు.

రాశాను. ఆరు లైన్లు. ఆ తర్వాత పరంజా కట్టమని నాన్నని ఎవరూ పిలవలేదు. ఏడేళ్లు ఒక గోడౌన్‌లో ఇనప గొట్టాలు లెక్కపెట్టి రిటైరయ్యాడు. మేమిద్దరం అన్నీ మాట్లాడుకునేవాళ్లం, అదొక్కటి తప్ప. ఇంటికి పేపరొస్తే నగరం పేజీ విడదీసి, చదవకుండా మడిచి, అలమర అరలో పరిచేవాడు. మా ఇంట్లో ఏ అర చూసినా నేను రాసిన వార్తల మీద గిన్నెలుండేవి.

మూడో వారంలో అమ్మ టీ పట్టుకుని మేడెక్కింది. బట్టల కింద నుంచి వంగి వచ్చి, కప్పులు పెట్టి, కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది.

"ఏది నొక్కితే లేస్తాడు వీడు?"

మరిది చూపించాడు. నా టీ చల్లారేలోపు అమ్మ మేస్త్రీని తొమ్మిదిసార్లు నీళ్లలో పడేసింది. పడిన ప్రతిసారీ వార్త పైకి చదివింది. ఆ తర్వాత మెట్ల వైపు తిరిగి కేక వేసింది.

"ఏమండీ! మిమ్మల్ని మళ్లీ చంపాను!"

కింద నుంచి నాన్న జవాబిచ్చాడు. "నలభై ఆరేళ్లుగా చేస్తున్న పనే కదా! కొత్తేముంది?"

మర్నాడు నాన్న మేడెక్కాడు. కప్పు కారుతోందేమో చూడ్డానికి అన్నాడు. కప్పు కారడం లేదు. అమ్మ ఆడుతుంటే వెనక నిలబడ్డాడు.

"ఆ బల్ల చివర కట్టలేదు. దాని మీదకి దూకితే తిరగబడుతుంది," అన్నాడు.

"ఇది ఆట కదా మామయ్యా. ఇందులో బరువుండదు," అన్నాడు మరిది.

"బరువు లేనివాడు పడటం దేనికి?"

మరిది తెర వైపు తిరిగాడు. సాయంత్రానికల్లా ఆటలో బల్లలకి బరువొచ్చింది. కట్టని బల్ల చివర కాలు పెడితే తిరగబడుతోంది. అమ్మ అరగంటలో ఇంకో పదమూడుసార్లు నాన్నని చంపింది.

ఆ తర్వాత నాన్న రోజూ పదింటికి డ్యూటీకి వచ్చినట్టు వచ్చేవాడు. చెవి వెనక పెన్సిలు కూడా పెట్టుకొచ్చేవాడు. చీపురు పుల్లలు, కుట్టుదారం తీసుకుని బల్ల మీద మోచెయ్యంత పరంజా కట్టాడు. నిలువు పుల్లలు, అడ్డ పుల్లలు, ఏటవాలు పుల్లలు. ప్రతి ముడీ విప్పి, చూపించి, మళ్లీ కట్టాడు. చెల్లి తన డ్రాయింగ్ టాబ్లెట్ మీద గీసుకుంది. దాన్ని నాన్న పలక అనేవాడు.

"పలక ఇటు తిప్పు. ముడి అలా కాదు, తాడు రెండోసారి కింద నుంచి రావాలి. నీ ముడికి పిల్లి ఆగదు, మనిషేం ఆగుతాడు?"

చెల్లి ముడులన్నీ చెరిపి మళ్లీ గీసేది. మధ్యలో మొహం సంగతి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఒకటే జవాబు.

"వద్దన్నానా?"

ఆరో వారానికి మూడో లెవెల్ తయారైంది. దానికి సగం కూలిన భవనాల ఫోటోలు కావాలంటే నా పెన్‌డ్రైవ్ చెల్లికిచ్చాను. ఆఫీసు వదిలేటప్పుడు తెచ్చుకున్న మూడువందల ఫోటోలు, తేదీలే తప్ప వివరాలు లేవు. చెల్లి అందులో ఒక పరంజా ఎంచుకుని, అందులో ఉన్న గొట్టాలు ఉన్నట్టే గీసింది. ఎక్కిన నాలుగు సెకన్లకి అది కూలేలా మరిది పెట్టాడు. ఆలోపు పరుగెత్తి దాటాలి. నేను చూసి బాగుందన్నాను.

ఆ రోజు నాన్న మొదటిసారి కంట్రోలర్ తన చేతిలోకి తీసుకున్నాడు. నాన్న ఆడితే మేస్త్రీ దూకడు. దిగుతాడు, నడుస్తాడు, కడతాడు, ఎక్కుతాడు. మొదటి లెవెల్‌కి మాకు మూడు నిమిషాలు పడితే నాన్నకి ఇరవై రెండు పట్టింది. ఒక్కసారి కూడా పడలేదు. రెండోది కూడా అంతే. అమ్మ పక్కన కూర్చుని విసుక్కుంటోంది. "పెళ్లికి కూడా ఇలాగే వచ్చారు. ముహూర్తం దాటిపోయింది."

మూడో లెవెల్‌లో పరంజా కనిపించగానే మేస్త్రీ ఆగాడు. నాన్న తెరకి దగ్గరగా వంగాడు.

"ఎక్కండి మామయ్యా," అన్నాడు మరిది.

"ఎక్కను. మూడో వరుసకి గోడకట్టు లేదు."

పరంజా దానంతట అది నిలబడదు, గోడని పట్టుకుని నిలబడుతుంది. కొన్ని వరుసలకోసారి గొట్టాన్ని గోడకి బిగిస్తారు. మేస్త్రీలు గోడకట్టు అనేది దాన్నే. అది లేకపోతే ఎంత పరంజా అయినా నిలబెట్టిన నిచ్చెనే.

"అది కూలిపోయేదే మామయ్యా. కూలేలోపు పరుగెత్తాలి."

"కూలుతుందని తెలిసే కదా ఎక్కనంటున్నాను."

"ఇటివ్వండి, తెల్లారుతుంది మీతో," అని అమ్మ కంట్రోలర్ లాక్కుంది. మేస్త్రీ పరంజా ఎక్కాడు. నాలుగు సెకన్లు. గొట్టాలు ఊడాయి, మనిషి నీళ్లలో పడ్డాడు. తెర మీద నా వార్త వచ్చింది. అమ్మ అలవాటు కొద్దీ పైకి చదివింది.

"పరంజా కూలి ఒకరి మృతి. మేస్త్రీ నిర్లక్ష్యమే..."

చివరి మాట చదవలేదు. మరిది మా ఇంటి అల్లుడై ఆరేళ్లే. అతను నవ్వాడు. ఎవరూ తోడు నవ్వకపోయేసరికి ఆపేశాడు.

నాన్న అమ్మ చేతిలోంచి కంట్రోలర్ తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, బల్ల మీద పెట్టాడు.

"వాన తగ్గినట్టుంది," అని కిందికి వెళ్లాడు. వాన తగ్గలేదు.

పెన్‌డ్రైవ్ తీసుకుని నా ఇంటికి వెళ్లాను. ఫోటో వెతకడానికి నిమిషం పట్టలేదు. తేదీ చూడకుండానే తెలిసింది. రోడ్డు మీద నుంచి మా ఫోటోగ్రాఫర్ తీసినది. పరంజా సగం నేల మీద, సగం నిలబడి ఉంది. ఆ రోజు దీన్ని చూసే వార్త రాశాను. ఇప్పుడు పెద్దది చేసి, కింద నుంచి వరుసలు లెక్కపెట్టాను. మొదటి వరుసకి గోడకట్టు ఉంది. రెండో వరుసకీ ఉంది. మూడో వరుసలో గోడ వైపున్న గొట్టం చివరలు గాల్లో ఉన్నాయి. వాటికి ఎదురుగా గోడ కొత్త పూతతో తడిగా ఉంది. అతుకు లేదు, గీత లేదు. అంత నున్నగా పూసేవాడు ఆ పనిలో ఒక్కడే ఉండేవాడు.

గోడకట్టు అడ్డం ఉంటే పూత సాగదు. పూసేవాడు దాన్ని విప్పుతాడు. ఇది పనివాళ్లందరికీ తెలుసు. పంతొమ్మిదేళ్లు ప్రమాదాలు రాసిన నాకు తెలీదు. నేను అడగలేదు.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి నాన్న వరండాలో ఉన్నాడు.

"గోడకట్టు విప్పింది అద్దం బాబాయ్," అన్నాను.

నాన్న కాలితో ఇంకో కుర్చీ నా వైపు జరిపాడు. "కూర్చో."

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"గేటు దగ్గర నన్ను అడిగావే, అప్పుడు వాడి భార్య నీ వెనకే నిలబడి ఉంది. చూశావా?"

"చూడలేదు."

"నాకు కనిపిస్తోంది. ఆమెకి కంపెనీ స్టోరులో ఉద్యోగం ఇస్తామన్నారు. చచ్చినవాడి తప్పని తేలితే ఇవ్వరట. ఇంజనీరు అప్పటికే చెవిలో వేశాడు."

"మరి నీ ఉద్యోగం?"

"గొట్టాలు కట్టేవాడికి గొట్టాలు లెక్కపెట్టడం రాదా?"

"నాతోనైనా చెప్పొచ్చు కదా నాన్నా. పదకొండేళ్లు."

"నీతో చెబితే నువ్వు ఊరుకుంటావా? రాస్తావు. అదే కదా నీ జబ్బు."

నిజమే. "ఇప్పుడు సవరణ వేయిస్తాను," అన్నాను.

"ఏ పేపర్లో? మూసేశారు కదా," అని నాన్న నవ్వాడు. తర్వాత ఆగి చెప్పాడు. "ఆమె ఇంకా అదే స్టోరులో ఉంది. రిటైరయ్యేదాకా నువ్వు నోరు మెదపొద్దు. ఇంకోటి. నువ్వు రాసింది అబద్ధం కాదు. పూత అయ్యాక మళ్లీ కట్టాల్సింది నేను. రోజూ పైకెక్కి చూసేవాణ్ణి. ఆ రోజు కింద వేరే పని పడి ఎక్కలేదు. వాడు విప్పి చెప్పలేదు, నేను వెళ్లి చూడలేదు. నువ్వు సగం రాశావు."

వాన చూరు మీంచి బాల్చీలోకి పడుతోంది. నాన్న లేచి బాల్చీ మార్చాడు.

బాబాయ్ భార్య పోయిన ఏడాది రిటైరైంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పదింటికి నాన్న మేడెక్కాడు. బట్టల కింద నుంచి వంగి వచ్చి చెల్లి పక్కన కూర్చున్నాడు.

"పలక తియ్యి. ఇంకో మనిషిని గీయాలి."

"ఎవర్ని?"

"మీ అద్దం బాబాయ్‌ని. పొట్టిగా ఉంటాడు, పెద్ద మీసం. వాడు గోడ పూస్తేనే నీళ్లు లోపలికి రావు, ఆ ఇంట్లో మనుషులుండొచ్చు. పుయ్యాలంటే గోడకట్టు విప్పాలి. విప్పి పూసుకుంటూ పోతాడు. వాడి వెనకే నేనెళ్లి మళ్లీ కడతాను. కట్టేదాకా పరంజా ఊగుతూ ఉంటుంది. చెప్పకుండా విప్పినా కూలుతుంది, చూడకుండా పోయినా కూలుతుంది."

మరిది లేచాడు. బట్టల కింద అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు. తడి తువ్వాలు మొహానికి తగిలినా పట్టించుకోలేదు.

"మామయ్యా, ఇది ఒక్కరు ఆడేది కాదు. ఇద్దరు ఆడాలి. ఒకే తెర మీద, పక్కపక్కన కూర్చుని."

"పని అంటే అంతే కదా," అన్నాడు నాన్న.

"మరి మొహం?" అంది చెల్లి.

"ముందు వాడిది గియ్యి. అది కుదిరితే నాది పెట్టుకో."

మీసం ఎనిమిదిసార్లు గీసింది. తొమ్మిదోది చూసి నాన్న పలక తన దగ్గరికి లాక్కున్నాడు. "ఆ, వాడే," అన్నాడు. మధ్యాహ్నానికి బూడిద గుండ్రం పోయి నాన్న వచ్చాడు.

మిగిలింది ఆరు వారాలు. మూడేళ్లు ఒక్కరి కోసం రాసిన ఆటని మరిది ఇద్దరి కోసం తిరగరాశాడు. గడ్డం పెరిగింది, కుర్చీ చక్రం ఒకటి ఊడింది. ఎప్పటికప్పుడు ఆడి చూసే పని అమ్మానాన్నలది. అమ్మ అద్దం, నాన్న మేస్త్రీ. వీధి చివర దాకా వినిపించేది.

"విప్పినప్పుడు చెప్పవేం?"

"విప్పుతున్నానని కనిపించడం లేదా? కళ్లజోడు దేనికి పెట్టుకున్నారు?"

"నేను అటువైపు ఉన్నాను! చెప్పాలి!"

"చూసుకోవాలి!"

కూలేది. ఇద్దరూ పడేవాళ్లు. ఒకర్నొకరు తిట్టుకుంటూనే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. మరిది లెక్కలో మూడో లెవెల్ దగ్గర వాళ్లు నలభై ఒక్కసారి పడ్డారు. నలభై రెండోసారి అమ్మ గోడకట్టు మీద చెయ్యి వేసే ముందు "విప్పుతున్నా" అంది. నాన్న "ఉండు, వస్తున్నా" అన్నాడు. ఆవలి భవనం మీదికి చేరాక కూడా ఇద్దరూ కంట్రోలర్లు వదల్లేదు.

నేను నలభై వార్తలూ మళ్లీ తీశాను. ప్రతిదాంట్లో కారణం అన్న భాగం కొట్టేశాను. ఎవరు పడ్డారో, ఎక్కడ పడ్డారో, సంచిలో ఏముందో ఉంచాను. వార్తలు పొట్టివయ్యాయి, నవ్వు ఎక్కడికీ పోలేదు. మూడో లెవెల్‌లో పరంజా కూలినప్పుడు వచ్చే వార్త ఒక్కటే మిగిలింది. అది ఎన్నిసార్లు రాసినా చదివి కొట్టేశాను. సంస్థ నుంచి ఆమె వచ్చే రోజుకి కూడా అక్కడ ఖాళీ గడే ఉంది.

ఆమె ఒక సహోద్యోగిని వెంటబెట్టుకుని పదకొండింటికి వచ్చింది. బట్టలు తీసేశాం కానీ తాడు విప్పడం మర్చిపోయాం. సహోద్యోగి పొడుగు మనిషి, తాడు మెడకి తగిలింది. "మొదటి లెవెల్," అన్నాడు మరిది. వాళ్లిద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె మేస్త్రీ, అతను అద్దం. మేం ముగ్గురం గోడకి ఆనుకుని నిలబడ్డాం. అమ్మ గుమ్మంలో, నాన్న కిటికీ దగ్గర స్టూలు మీద.

మొదటి రెండు లెవెల్స్ మర్యాదగా ఆడారు. మూడోదాంట్లో అతను గోడకట్టు విప్పాడు, పూశాడు, నున్నగా వచ్చిందని మురిసిపోయి ముందుకు పోయాడు. ఆమె చూడలేదు. పరంజా ఊగింది.

"నువ్వేమైనా తీశావా?"

"పూత వేశాను. ఎందుకు?"

కూలింది. ఇద్దరూ నీళ్లలో పడ్డారు. తెర మీద గడి వచ్చింది. లోపల ఏమీ లేదు.

ఆమె మా వైపు తిరిగింది. "మిగతా అన్ని చోట్లా వార్త వచ్చింది. ఇక్కడ ఏమొస్తుంది?"

మరిది నన్ను చూశాడు. చెల్లి నన్ను చూసింది. పంతొమ్మిదేళ్లలో డెడ్‌లైన్‌కి కాపీ ఇవ్వని రోజు నాకు లేదు. ఈ ఒక్క గడికి ఇవ్వలేకపోయాను.

"రాసుకో," అన్నాడు నాన్న కిటికీ దగ్గర నుంచి.

నేను బల్ల దగ్గరికి వెళ్లి కీబోర్డు ముందుకు లాక్కున్నాను. నాన్న చెవి వెనక నుంచి పెన్సిలు తీసి, దాంతో మోకాలి మీద కొట్టుకుంటూ, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు.

"మూడో వరుస పరంజా కూలింది. పనిలో ఇద్దరు మేస్త్రీలు ఉన్నారు. ఇద్దరూ క్షేమం. గోడకట్టు మళ్లీ కడుతున్నారు."

కొట్టాను. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆమె చదివి సహోద్యోగి భుజం తట్టింది.

"మళ్లీ. ఈసారి విప్పే ముందు నాకు చెప్పు."

"నువ్వు చూసుకో," అన్నాడతను.

గుమ్మంలో అమ్మ నవ్వు ఆపుకోలేక కిందికి వెళ్లిపోయింది. వాళ్లు మధ్యాహ్నం రెండింటిదాకా లేవలేదు. పది రోజుల తర్వాత సంతకాలయ్యాయి. ఆట జనంలోకి వెళ్లే ముందు భాష సరిచూడమని మాటలన్నీ నాకు పంపారు. ఎవరి కాపీ వచ్చినా కోసి కుదించడం నా వృత్తి. నావి నలభైలో ముప్పై తొమ్మిది మళ్లీ దిద్దాను. నాన్న చెప్పిన దాంట్లో అక్షరం మార్చలేదు.